గడ్డి మేసే లాభం

కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని బైబిల్ వాక్యం. మరి కాన్సస్‌లోని ఆ చిన్న లూథరన్ కళాశాల క్రీడావిభాగంలో ఎవరెంత ఇచ్చారో పద్దు రాయడమే వెర్నా ఉద్యోగం. ఇది దేవుడికి సమ్మతమేనా అన్న సందేహాన్ని ఆమె ఇరవై ఏళ్లుగా రొట్టె డబ్బాతో పాటు రోజూ మోసుకొస్తోంది.

జూన్ ముప్పై ఉదయం, అక్కడి లెక్కల ఏడాదికి ఆఖరి రోజు. కాటన్‌వుడ్ చెట్ల దూది కిటికీలోంచి కలలా తేలి వచ్చి కాగితాల మీద వాలుతోంది. మధ్యాహ్నానికి ఏడాది లెక్క ముగించి ఇంటికి పోవాలని ఆమె ఆలోచన. ముప్పై ఎనిమిది వేల డాలర్ల నష్టం తేలింది.

"నష్టమని రాశావంటే నా కుస్తీ జట్టు మూసేస్తారు, వెర్నక్కా!" అన్నాడు శిక్షకుడు ఎల్డన్. "మొన్న డెల్బర్ట్ తాత జట్టుకి అదృష్టచిహ్నంగా ఉంచుకోమని కంచరగాడిదని దానమిచ్చాడు కదా, దాన్ని లెక్కలో వేశావా?"

వేయలేదు. వస్తువుగా వచ్చిన దానానికి కూడా వెల కట్టి ఆదాయంలో చూపాలన్నది నియమం. వెల కట్టే ఆయన వచ్చాడు. దూదివానలో కదలకుండా నిలబడ్డ ఆ కంచరగాడిద పెటూనియా చెవులు చూశాడు, వంశం విన్నాడు, మైమరచి నలభై వేలని రాసిచ్చాడు. విభాగానికి చరిత్రలో మొదటిసారి రెండు వేల లాభం వచ్చింది.

వారం తిరక్కుండా సంగతి పత్రికలో పడింది. "లాభాల్లో ఉన్నవాళ్లకి మా డబ్బెందుకు?" అంటూ దాతలు చెక్కులు ఆపేశారు. ఈత శిక్షకురాలు, గోల్ఫ్ శిక్షకుడు వాటాకి వచ్చారు.

"లాభం బయట గడ్డి మేస్తోంది. తలో కాలూ పట్టుకెళ్లండి," అంది వెర్నా.

చివరికి అధ్యక్షుడు హాలిస్ ఫోన్ చేశాడు. "శభాష్! మీ కాళ్ల మీద మీరు నిలబడ్డారు. ఇక కళాశాల ఏటా ఇచ్చే యాభై వేలు ఆపేస్తున్నాం."

ఎల్డన్ కుర్చీలో కూలబడ్డాడు. నష్టమొస్తే పోతుందేమో అనుకున్న జట్టు, లాభమొచ్చి ఖాయంగా పోతోంది. వెర్నా కళ్లు మూసుకుని ప్రార్థించింది. తెరిచేసరికి ఎదురుగా డెల్బర్ట్, టోపీ చేతిలో పట్టుకుని.

"ఇచ్చింది వెనక్కి అడగడం తప్పే అమ్మాయ్. కానీ అది లేక పొలం మూగబోయింది. పొద్దున్నే లేచి పిలుస్తాను, పలికేవాళ్లుండరు."

వెర్నా దానపత్రం తీసింది. దాని మీద ఆయన సంతకమే లేదు, అంటే దానం చెల్లనే లేదు.

"తప్పేముంది తాతా! తాడు నేనే విప్పుతా, పద!" అంటూ ఆయనకంటే ముందు పరుగెత్తింది.

కంచరగాడిద పోయింది, లాభం పోయింది, ముప్పై ఎనిమిది వేల నష్టం క్షేమంగా తిరిగొచ్చింది. అధ్యక్షుడు గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "హమ్మయ్య! నష్టముంటేనే కదమ్మా, ధర్మకర్తల్ని నేను నోరు తెరిచి అడగగలిగేది! ఆ యాభై వేలు వస్తాయిలే. అయినా కుస్తీ మూస్తామని ఎవరన్నారు?"

ఆ సాయంత్రం ఎల్డన్ వచ్చి ఒక కేకు పళ్లెం ఆమె బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ల క్రితం చర్చి విందులో ఆమె దగ్గర తీసుకెళ్లినది.

"నీ బాకీ తీరిపోయిందక్కా," అన్నాడు తృప్తిగా.

కడగడానికి మాత్రం తీరిక దొరకలేదట.