నలభై ఒకటో వరుస

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబులో ఉదయం తొమ్మిదింటికి మెయిన్ స్విచ్ వెయ్యగానే నలభై సిస్టంలతో పాటు టెక్నీషియన్ కోదండపాణి కూడా పద్నాలుగేళ్ల కిందటి బుధవారానికి వెళ్లిపోతాడు. ఎవరేం చెడగొట్టినా మర్నాటికి అన్నీ మొదటికొచ్చేలా అప్పట్లో ఒక సాఫ్ట్‌వేర్ వేశారు. స్టాకు రిజిస్టరులో సిస్టంల కింద, నలభై ఒకటో వరుసలో, అతని పేరుంది. వేసినవాడు వరుసలు చూశాడు గాని మనిషిని చూడలేదు. జుట్టు మాత్రం నెరుస్తూనే ఉంది. హార్డ్‌వేరుకు ఈ సదుపాయం వర్తించదని కమిటీ తేల్చింది.

ఆ బుధవారం అతని కూతురు లాస్యకు జ్వరం. మూడింటికి ఇంటికి వెళ్తానని చీటీ రాస్తే, తనిఖీ ఉంది, రేపు చూద్దామన్నారు అప్పటి హెడ్డుగారు. మర్నాటికి పిల్ల లేదు.

అందుకని అతను రోజూ తొమ్మిదీ ఐదుకు అదే చీటీ రాస్తాడు. అటెండర్ మరియమ్మ రోజూ పాప పోయిన కబురు చెబుతుంది. గోడమీది కాగితంలో అంతా ఉంది: తెర నల్లగా ఉంటే కేబుల్ చూడాలి, మౌస్ కదలకపోతే తీసి మళ్లీ పెట్టాలి, టెక్నీషియన్ పర్మిషన్ అడిగితే విషయం చెప్పి పదిన్నర దాకా ఆగాలి. పదిన్నరకు అతను కళ్లు తుడుచుకుని పనిలోకి దిగుతాడు. వంక పెట్టడానికి లేని పనిమంతుడు. ఇన్నేళ్లుగా చెబుతున్నా మరియమ్మ నోటికి మాత్రం ఆ మాట అలవాటు కాలేదు, పాపం.

ఆ సాఫ్ట్‌వేర్ నుంచి అతన్నొక్కణ్ణీ విడదీయాలంటే పనికిరాని వస్తువుగా రాసి స్టాకులోంచి కొట్టెయ్యాలి. అప్పుడు ఉద్యోగమూ పోతుంది. ఆ ఫైలు నడుస్తోంది.

మొన్నటి తుపానుకు ల్యాబు ఐదు రోజులు మూసేశారు. స్విచ్ వేసే పనే లేదు, అతను వెనక్కి వెళ్లే పనీ లేదు. ఆరో రోజు తొమ్మిదికి పది నిమిషాలుండగా కోదండపాణి వచ్చి స్విచ్‌బోర్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మరియమ్మా, నిన్న సాయంత్రం నేనూ మా ఆవిడా పాప అల్లరి తలుచుకుని నవ్వుకున్నాం. నా కళ్లజోడు పిండి డబ్బాలో దాచిందే, అది. ఇన్నేళ్లకి నవ్వామని మా ఆవిడే అంది."

"మంచిదే గదా సారూ."

"నువ్విప్పుడు స్విచ్చేస్తే ఆ నవ్వు పోద్ది. పాప పోయి పద్నాలుగేళ్లంట. నా ఏడుపింకా మొదటిరోజు దగ్గరే ఉంది. కొంచెం పాతబడనియ్యమ్మా."

మరియమ్మకు చెయ్యాడలేదు. బయట ప్రాక్టికల్ పరీక్షకు పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని నిలబడ్డారు. ఇంతలో ఇప్పటి హెడ్డుగారు ఫోన్ చేశారు. "ఇంకా వెయ్యలేదేం? పరీక్షలవనీ, ఆయన సంగతి తర్వాత చూద్దాం."

కోదండపాణి తలుపు సందులోంచి పిల్లల్ని చూశాడు. కాసేపటికి తనే పక్కకు తప్పుకున్నాడు.

"వేసెయ్యి," అన్నాడు. "మధ్యలో వాళ్లేం చేశారు!"

ఆమె కళ్లు మూసుకుని వేసింది. నలభై తెరలు వెలిగాయి. కోదండపాణి హుషారుగా చీటీ రాసి ఆమె చేతికిచ్చాడు.

"పాపకి ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది మరియమ్మా. మూడింటికి వెళ్లాలి. హెడ్డుగారు ఒప్పుకుంటారంటావా?"

చీటీ తీసుకెళ్తే హెడ్డుగారు తలెత్తకుండా సంతకం పెట్టారు. ఈ విషయంలో ఇప్పటి హెడ్డుగారు చాలా మంచివారు. ఒక్కరోజు కూడా కాదనలేదు.

మంజూరైన చీటీని ఫైల్లో పెట్టి, మరియమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. అతని కుర్చీ ముందుకు లాగింది.

"కూసోండి సారూ," అంది.