వెంట్రుకవాసి సందు

గృహ సముదాయాల తనిఖీ ఇంజనీరుగారు తాము కట్టిన కోట వంటగదిలో వెంట్రుకవాసి సందు మిగిలిపోయినందుకు ప్రజలకు బహిరంగ క్షమాపణ చెప్పుకున్నారు. ఆయన ఉద్యోగ జీవితంలో తప్పు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి కనుక, ఆ వివరాలు తెలుసుకోవడం మన కనీస ధర్మం.

కోట నేల మీద లేదు. ఒక వీడియో గేమ్‌కి అదనంగా, ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు వేళల్లోనే ఇంజనీరుగారు కట్టి తగిలించిన కోట అది. అభిమానులు ఇలా ఉచితంగా చేసిపెట్టేదాన్ని మోడ్ అంటారు. అందులో గోడలూ, నేలా, కప్పూ ముక్కలుగా దొరుకుతాయి, పక్కపక్కన పేర్చుకోవాలి. ఒక ముక్క రవ్వంత జరిగిందా, అతుకు దగ్గర సన్నటి వెలుగు గీత కనబడుతుంది. అవతల ఏమీ కట్టి ఉండదు కాబట్టి ఆ సందులోంచి శూన్యం తొంగిచూస్తుంది. ఆటగాళ్లు దేన్నైనా సహిస్తారు గానీ శూన్యాన్ని సహించరు.

రాక్షసుల్ని నరకవలసిన ఒక ఆటగాడు ఆ పని పక్కనపెట్టి, పొయ్యి వెనక గోడను పరీక్షించి గీతను పట్టేశాడు. “మీకు మనస్సాక్షి అనేది ఉందా?” అని నిలదీశాడు. గంట తిరక్కుండా లోకం భగ్గుమంది. ఇంజనీరుగారికి అన్నం సయించలేదు. అడ్డంగా ఓ బీరువా పెట్టేస్తే సరిపోతుందని ఎవరో సలహా ఇస్తే, “అలాంటి దొంగపని నా చేతులతో చెయ్యలేనండీ” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ గోడలన్నీ విప్పి, అంచుకి అంచు ఆనించి, అతుకు మీద వెలుగు సమంగా పడేలా దీపాలు జరిపి, కోటను నిలబెట్టారు. “గోడకీ గోడకీ మధ్య సందుంటే మనిషికీ మనిషికీ మధ్య నమ్మకం ఉండదు! వీరు మానవజాతి అతుకును కాపాడారు!” అని మోడ్ నిర్మాతల సంఘం అధ్యక్షుడు ఉపన్యసించాడు.

ఇంజనీరుగారి తనిఖీ కింద ఒక పాత భవనం కూడా ఉంది. అందులో మూడో అంతస్తు సంగీతం టీచరు వానాకాలం నుంచీ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

“గోడ పగుల్లోంచి పక్కింటి అకౌంటెంటుగారి చెయ్యి వస్తోందండీ. మొన్న అగ్గిపెట్టె కూడా అడిగారు.”

“అది పగులు కాదమ్మా, గోడ సర్దుకుంటోంది. అడ్డంగా ఓ బీరువా పెట్టుకోండి” అన్నారాయన, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

“పెట్టానండీ. అదెళ్లి వాళ్లింట్లో పడింది.”

ఆమె ఆడపడుచు లోకజ్ఞానం గలది. “ఆఫీసులో అడిగితే ఎవరు పలుకుతారు వదినా? ఆ కోట పేజీలో రాసి చూడు” అని, పగులు ఫొటో తీసి మోడ్ పేజీలో పెట్టించింది.

జవాబు క్షణంలో వచ్చింది. “సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఏ గదండీ? సాయంత్రంలోగా సరిచేస్తాను.”

“మూడో అంతస్తు, ఎడమవైపు ఇల్లు” అని రాసింది టీచరు.

కోటకి మూడో అంతస్తు లేదు. ఇంజనీరుగారికి సంగతి అర్థమై చెమటలు పట్టాయి. అయినా మాట తప్పలేదు. సాయంత్రానికల్లా టీచరు ఇంటిని గేమ్‌లో, కోట పక్కనే, పగులు లేకుండా కట్టేశారు.

టీచరు ముందు నోరారా తిట్టింది. తర్వాత గేమ్‌లో ఆ ఇంట్లోకెళ్లి చూసింది. గోడ నున్నగా ఉంది. అవతల గురక లేదు. “ఇంత బాగుంటుందా మా ఇల్లు!” అని మళ్లీ మళ్లీ తిరిగి చూసుకుంది. దాంతో భవనంలో వాళ్లంతా మా వంటిల్లు, మా మెట్లు అంటూ క్యూ కట్టారు. అర్జీలన్నీ పరిష్కరించినట్టు ఆఫీసు ప్రకటన వెలువరించింది.

వీధిలో పెద్ద తెర కట్టి ప్రారంభోత్సవం చేశారు. అందరూ తమ ఇళ్లు చూసుకుని మురిసిపోతుండగా, వెనకాల అసలు భవనం ఎడమవైపు మొత్తం కూలిపోయింది. లోపల ఎవరూ లేకపోవడంతో ప్రాణనష్టం తప్పింది. ఆ ఘనత మోడ్‌దే.

దుమ్ము సర్దుకున్నాక అకౌంటెంటు శిథిలాల వైపు చూశాడు, తెర వైపు చూశాడు. “ఇంజనీరుగారూ, తెర మీద గోడ ఇంకా నిలబడే ఉందండీ. అసలుకీ దీనికీ పొంతన లేదు!”

“అవునవును! ఇదేం నిర్లక్ష్యం!” అని జనం లేచారు.

ఇంజనీరుగారు పాలిపోయి, చేతులు జోడించి, ఆ దుమ్ములోనే కూర్చుని తెర మీది గోడను కూల్చేశారు.

“మరి ఈ రాత్రి మేం ఎక్కడ పడుకోవాలండీ?” అంది టీచరు.

“గేమ్‌లో రాత్రి పడకుండా చేశానమ్మా” అని ఆయన ధైర్యం చెప్పారు. చప్పట్లు మోగాయి.

ఈ వృత్తాంతంలో ఎక్కడైనా అచ్చుతప్పు దొర్లితే పాఠకులు తక్షణం ఫిర్యాదు చేయగలరు. మిగతా వాటికి తొందరేమీ లేదు.