టౌన్‌హాల్లో నలభై మూడు కాపురాలు

"మా ఊళ్లో రోమా కుటుంబాలన్నిటికీ కుళాయి నీళ్లు అందాయి. నూటికి నూరు శాతం" అని మేయరు పర్లోగ్ గారు ప్రకటించిన సమయానికి జంబిల నీళ్ల కోసం శ్మశానంలో ఉంది. ఊరివాళ్లు జిప్సీలని పిలిచే ఈ రోమావాళ్ల పేటకి దగ్గర్లో ఉన్న కుళాయి అదొక్కటే. క్యాను నిండేలోపు కాపలాదారు రేడియోలో ఆ శుభవార్త వింది.

జంబిల ఆ పేట మనిషే. పేటవాళ్ల తరఫున ఆఫీసుల చుట్టూ తిరగడం ఆమె ఉద్యోగం. ఆరేళ్లుగా ఒక్క కుళాయి కోసం అర్జీలు పెడుతోంది. కాళ్లకి బురద ఉందని మొన్న బడివాళ్లు ఆమె కూతురు రుబీనాని ఇంటికి పంపేశారు. ఇంకోసారైతే పేరు కొట్టేస్తామన్నారు.

క్యాను ఇంట్లో దించి నేరుగా టౌన్‌హాలుకి వెళ్లింది. గుమాస్తా సోరినా కంప్యూటరు చూసింది.

"మీకు కుళాయిలున్నాయి కదమ్మా. మొత్తం ఆరు. వేణ్ణీళ్లు కూడా."

"ఎక్కడున్నాయమ్మా?"

"మీ అడ్రసులో. టౌన్‌హాలు, మెయిన్ వీధి, ఒకటో నంబరు."

పేటలో ఇళ్లకి నంబర్లు లేవు. నంబరు లేనిదే గుర్తింపు కార్డు రాదు, కార్డు లేనిదే ఓటు లేదు. అందుకని ఎన్నికలకు వారం ముందు మేయరు గారి మనసు కరిగి, నలభై మూడు కుటుంబాలకీ టౌన్‌హాలు అడ్రసుతోనే కార్డులు ఇప్పించారు. ఒక్క సంతకంతో ఇంతమందిని ఇంటివాళ్లను చేసిన నాయకుడు ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అని జంబిల వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున, మేయరు గారు రాజధాని నుంచి వచ్చిన అధికారులకి రోమావాళ్లని ఊళ్లో కలుపుకునే తన ఇన్‌క్లూజన్ ప్రోగ్రాం సక్సెస్‌ని వివరిస్తుండగా, కుటుంబాలన్నీ సబ్బులూ తువ్వాళ్లతో టౌన్‌హాల్లో దిగాయి. ముసలి బ్రందుషా రెండు బేసిన్లు తెచ్చింది. ముఖానికొకటి, కాళ్లకొకటి. ఆ రెండూ కలిస్తే రోమా ఇంట్లో మైల.

"అవ్వా, ఇది ఆఫీసు" అంది సోరినా.

"అయితే ఏం తల్లీ? సొంతింట్లో స్నానం మానుకుంటామా?"

అధికారులు కుళాయిలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, నూరు శాతం నిజమేనని రాసుకున్నారు. మేయరు గారు పోలీసుని పిలిపించారు. వచ్చినవాడు రూల్సు మనిషి. అందరి కార్డులూ చదివాడు.

"వీళ్లంతా ఈ ఇంటివాళ్లే సార్. ఖాళీ చేయించాలంటే కోర్టు ఆర్డరు కావాలి. ఏదీ, మీ కార్డు చూపించండి."

మేయరు గారి కార్డులో కొండమీది విల్లా అడ్రసు ఉంది.

"మీరిక్కడ ఉండాలంటే ఇంటివాళ్లు ఒప్పుకోవాలి సార్."

మేయరు గారికి చెమటలు పట్టాయి. రుబీనా కాళ్లు తుడుస్తున్న జంబిల తలెత్తి చూసింది.

"ఉండనీయండి, పాపం. ఇంటికొచ్చిన మనిషి" అంది.

బ్రందుషా ఒక బేసిను ఆయన ముందుకి జరిపింది.

"ముఖం కడుక్కో నాయనా. ఆ రెండోది ముట్టుకోకు, అది కాళ్లది."