తాళం వాల్టర్ దగ్గరుంది

ఆ మంగళవారం వెర్నా కోవాచ్ అనుకున్న పనులు రెండే. పదకొండు గంటలకల్లా పాటల జాబితా టైపు చేసి ప్రెస్సుకు పంపెయ్యాలి. పన్నెండింటికి సెలూన్‌లో కూర్చుని జుట్టుకు రింగులు వేయించుకోవాలి. శనివారం చెల్లెలి కూతురి పెళ్లి.

అది 1968 మార్చి నెల. లిండెన్‌బర్గ్ రేడియో స్టేషన్‌లో పదకొండేళ్లుగా ఫోన్లు ఎత్తేదీ, ఉత్తరాలు టైపు చేసేదీ వెర్నాయే. మంగళవారం మంగళవారం ఊళ్లోని అయిదు రికార్డుల షాపులకూ ఫోన్ చేసి, ఏ పాట ఎంత అమ్ముడుపోయిందో అడిగి, ముప్పై పాటలను వరసలో పెట్టేదీ ఆవిడే. ఆ జాబితా ఆకుపచ్చ కాగితం మీద అచ్చయి బుధవారం మధ్యాహ్నానికి షాపుల్లో ఉండేది. హైస్కూలు పిల్లలు దాన్ని మడిచి పాఠ్యపుస్తకాల్లో దాచుకునేవారు. తమకు ఇష్టమైన పాట రెండు మెట్లు దిగిందని భోజనం మానేసిన ఆడపిల్లలు ఆ ఊళ్లో ఉన్నారు.

ప్రెస్సుకు వెళ్లేముందు జాబితాను గిల్ ప్రెంటిస్ చూసి సంతకం పెట్టాలి. స్టేషన్‌లో పాటల ఎంపిక అతనిదే. ముప్పై ఒక్క ఏళ్లవాడు. తన చెవి దాటకుండా ఈ ఊళ్లోకి ఒక్క పాటా రాలేదని చెప్పుకునేవాడు. జాబితా మీద సంతకం పెట్టేవాడు గాని చూసేవాడు కాదు.

మూడో షాపుతో మాట్లాడి పెట్టగానే ఫోన్ మోగింది. వెర్నా స్నేహితురాలు, వాల్టర్ భార్య లోరీన్.

"ఒసే వెర్నా, మా ఆయన చర్చి బేస్‌మెంటు తాళంచెవి జేబులో వేసుకుని టొలీడో పోయాడే. ఆదివారం గాని రాడు. పైపు బాగుచేయడానికి ఫెంటన్ బ్రదర్స్‌ను పిలిచింది నువ్వే కదా, ఇప్పుడే రావద్దని చెప్పు."

"రెండో తాళంచెవి ఒకటుందన్నావుగా?"

"అదీ ఆ జేబులోనే ఉంది."

వెర్నా ఎదురుగా ఉన్న కాగితం మీదే గుర్తు కోసం రాసుకుంది: "తాళం వాల్టర్ దగ్గరుంది – ఫెంటన్ బ్రదర్స్." దానికి పైనా కిందా పాటల పేర్లూ, పాడినవాళ్ల పేర్లూ అదే పద్ధతిలో ఉన్నాయి. పావు తక్కువ పదకొండుకు టైపు చేయడానికి కూర్చుంది. చేతులు ఇక్కడ ఉన్నా మనసు సెలూన్‌లో ఉంది. చివరికి పాటలు ముప్పై ఒకటి తేలాయి. ఎక్కడో ఒకటి ఎక్కువ రాసుకున్నాననుకుని అడుగున ఉన్నదాన్ని కొట్టేసింది. గిల్ సంతకం పెట్టాడు. పన్నెండింటికి వెర్నా సెలూన్‌లో ఉంది.

బుధవారం నాలుగు గంటలకు జాబితాను రేడియోలో చదివేది గిల్లే. మొదటి పది పాటలను పూర్తిగా వినిపించి, మిగతావాటికి పేర్లు చదివి వదిలేసేవాడు. ఇరవై ఎనిమిదో నంబరు దగ్గర అతని గొంతు అరక్షణం ఆగింది.

"కొత్త పాట. ఫెంటన్ బ్రదర్స్ పాడిన 'తాళం వాల్టర్ దగ్గరుంది.' ఈ అన్నదమ్ముల మీద ఓ కన్నేసి ఉంచండి," అన్నాడు.

మరుసటి మంగళవారం వెర్నా ఫోన్ చేసినప్పుడు, మెయిన్ స్ట్రీట్ షాపు యజమాని ఆస్గుడ్ పలకరింపులు కూడా లేకుండా విషయానికి వచ్చాడు.

"ఆ వాల్టర్ పాట ఉంది చూశారూ, ఊరంతా అదేనమ్మా. నలభై మంది అడిగారు. స్టాకు అయిపోయింది."

"ఏ వాల్టర్ పాటండీ?"

"అదేంటి, మీ జాబితాలోదే."

వెర్నా పాత ఆకుపచ్చ కాగితం సొరుగులోంచి తీసి చూసింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

"ఆస్గుడ్ గారూ, అయిపోయిందంటున్నారు. అసలు వచ్చిందా?"

"వచ్చింది. వచ్చింది వచ్చినట్టే పోయింది," అన్నాడు ఆస్గుడ్.

మిగతా నాలుగు షాపులవాళ్లూ అదే మాట చెప్పారు. ఒకాయన మళ్లీ తెప్పిస్తున్నానని కూడా అన్నాడు. వెర్నా లేచి తిన్నగా గిల్ గదిలోకి వెళ్లింది.

"ప్రెంటిస్ గారూ, పోయిన వారం ఇరవై ఎనిమిదో పాట గురించి మీకో మాట చెప్పాలి."

"చెప్పక్కర్లేదు వెర్నా గారూ. నేను దాన్ని జనవరిలోనే విన్నాను. రెండో చరణం దగ్గరే అనుకున్నా, ఇది పైకి పోతుందని."

"రెండో చరణమా?"

"అక్కడ గిటార్ ఆగుతుంది చూడండి. అక్కడ."

వెర్నా చూసిందల్లా అతని మొహమే. అబద్ధమాడుతున్న మనిషి మొహం కాదు అది. చెప్పేటప్పుడు తనూ నమ్ముతున్నాడు. తన బల్ల దగ్గరికి వచ్చేసింది. ఈ పదకొండేళ్లలో షాపులవాళ్లు చెప్పిన అంకెను ఆవిడ ఒక్కసారి కూడా మార్చలేదు. ఇప్పుడు మారిస్తే అది తప్పుడు పని అవుతుంది. మార్చకపోతే తప్పు పెరుగుతుంది. చాలాసేపు పెన్సిలు కొరికి, చివరికి అలవాటు మానలేక ఆ పాటను వాళ్లు చెప్పిన అంకెల ప్రకారం పద్నాలుగో స్థానంలో పెట్టింది.

ఆ వారం ఊళ్లో ఆ పాట గురించి మాట్లాడనివాడు లేడు. హైస్కూలు ఇంగ్లీషు పంతులు వాల్టరంటే ప్రభుత్వమనీ, తాళమంటే జరుగుతున్న యుద్ధాన్ని ఆపగల అధికారమనీ క్లాసులో చెప్పాడు. ఒక పాస్టరు అది మత్తుమందుల గురించేనని ఆదివారం ఉపన్యాసంలో హెచ్చరించాడు. టొలీడో నుంచి తిరిగొచ్చిన అసలు వాల్టర్‌కు ఇవేవీ తెలియవు.

"మా ఆయన పెట్రోలు కొట్టించుకోడానికి పోతే నలుగురు పిల్లలు చుట్టూ చేరారటే," అని లోరీన్ ఫోన్ చేసింది. "మీరు వాల్టర్ కదా, తాళంచెవి చూపించండి అన్నారట."

"చూపించాడా?"

"చూపించాడు. చూసి ఒక పిల్ల ఏడ్చిందట. ఇప్పుడు ఆ తాళంచెవికి గొలుసు కట్టుకుని తిరుగుతున్నాడు."

మూడో మంగళవారం అయిదు షాపులవాళ్లూ ఒకే పాటను అన్నిటికంటే పైన చెప్పారు. అంటే మొదటి స్థానం. అంటే మర్నాడు నాలుగింటికి దాన్ని వినిపించి తీరాలి. వెర్నా మొదటి మంగళవారం పెన్సిలుతో రాసుకున్న కాగితాన్ని చేత్తో పట్టుకుని స్టేషన్ యజమాని లోవెల్ హాచ్ గది తలుపు తట్టింది. ఉద్యోగం పోతుందనే అనుకుంది. ఇంటినుంచి తెచ్చుకున్న పూలకుండీని వెళ్లేటప్పుడు ఎలా మోసుకుపోవాలో కూడా ఆలోచించుకుంది.

"అయ్యా, అలాంటి పాట లేదండీ. ఇది నేను రాసుకున్న గుర్తు. చర్చి తాళం సంగతి. ఫెంటన్ బ్రదర్స్ ప్లంబర్లు."

హాచ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వెర్నా, మా అమ్మాయి రెండు వారాలుగా ఆ పాటకు డాన్సు చేస్తోంది. లేని పాటకు చేస్తోందంటావా?"

"అవునండీ."

"నేనే విన్నాను కారులో." ఆయన గొంతులో జాలి ఉంది. "నువ్వు అలిసిపోయావమ్మా. రెండు రోజులు సెలవు తీసుకో. రేపు నాలుగింటికి నేనూ స్టూడియోలో కూర్చుంటా, అందరం కలిసి విందాం."

బయట వరండాలో గిల్ నిలబడి ఉన్నాడు. తలుపు సందులోంచి అన్నీ విన్నాడు.

"వెర్నా గారూ, ఆ రికార్డు ఎక్కడ పెట్టారు?"

"జనవరిలో విన్నారుగా. విని ఎక్కడ పెట్టారు?"

గిల్ అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు. "నేను వినలేదు."

"తెలుసు."

"పోనీ ఎవరైనా విన్నారా?"

"ఎవరూ వినలేదు ప్రెంటిస్ గారూ."

అతను తలెత్తాడు. "ఆ ప్లంబర్లు పాడతారా?"

"పెద్దాయన ఓర్విల్ చర్చిలో పాడతాడు. తమ్ముడు డెల్‌ను పాడొద్దని పాస్టరు గారే బతిమాలుకున్నారు."

అన్నదమ్ములిద్దరూ చర్చి బేస్‌మెంటులో పైపు కింద పడుకుని దొరికారు. విషయం విని ఓర్విల్ చేతులు తుడుచుకున్నాడు. "పాటల జాబితాలో మీ పేరుందటగా, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని మా ఆవిడ మాట్లాడటం మానేసింది. పాడతాను. కనీసం అన్నం పెడుతుంది," అన్నాడు.

గిల్ తన కారు డిక్కీలోంచి గిటార్ తీశాడు. ఆరేళ్లుగా ముట్టుకోలేదట. ఒకప్పుడు పాటలు కడదామని చికాగో వెళ్లి, ఏడాదికే తిరిగొచ్చేశాడని వెర్నాకు ఆ సాయంత్రమే తెలిసింది. స్టూడియోలో రెండు గంటల్లో మాటలు రాశాడు, వరస కట్టాడు. రికార్డింగుకు టేపు పెట్టాక ఓర్విల్ పాడాడు, డెల్ రెంచీతో పైపు ముక్క మీద తాళం వేశాడు, వెర్నా పెన్సిళ్ల డబ్బా ఊపింది. రెండో చరణం దగ్గర గిటార్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో వెర్నా డబ్బా ఊపడం ఆపి గిల్ మొహం చూసింది. పాట నిజంగా బాగుంది.

బుధవారం నాలుగింటికి ఊరంతా విన్నది. హాచ్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పాట అయిపోగానే ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. వెర్నా మొదటిది ఎత్తింది.

"ఇది కాదండీ. పాతది వెయ్యండి," అంది ఒక ఆడపిల్ల.

రెండో ఫోన్‌లో ఒక పెద్దమనిషి, అసలు పాటను ఎందుకు పాడుచేశారని నిలదీశాడు. పాస్టరు మాత్రం, అసహ్యమైన చరణాన్ని తీసేసినందుకు ధన్యవాదాలు చెప్పాడు. నలభై మూడు ఫోన్ల తర్వాత హాచ్ లేచి గిల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇదీ బాగానే ఉందోయ్. కాని మొదటిదాంట్లో ఉన్నది ఇందులో లేదు."

"లేదండీ," అన్నాడు గిల్.

అయినా టొలీడోలో తొందరగా యాభై రికార్డులు చేయించి అయిదు షాపుల్లోనూ పెట్టారు. మంగళవారం వెర్నా ఫోన్ చేస్తే ఆస్గుడ్ నిట్టూర్చాడు.

"పెట్టె పెట్టెలాగే ఉందమ్మా. ఆ చర్చి వాల్టర్ ఒక్కడే వచ్చి రెండు పట్టుకెళ్లాడు. మొదటిది ఇంకో పెట్టె పంపగలరా? అదైతే ఇట్టే పోయేది."

వెర్నా అంకెలు వేసింది. పోయిన వారం మొదటి స్థానంలో ఉన్న పాట ఈసారి ముప్పైలో ఎక్కడా లేదు. గిల్ ఆ రోజు జాబితాను మొదటినుంచి చివరిదాకా చదివి, తన పాట లేదని రూఢి చేసుకుని, సంతకం పెట్టాడు. తర్వాత గిటార్‌ను డిక్కీలో పెట్టకుండా గదిలోనే ఓ మూల ఆనించాడు.

ఆ వారం మొదటి స్థానానికి వచ్చిన పాట నిజంగానే ఉంది. దాని గురించి ఒక్కరూ ఫోన్ చేయలేదు.