ఆదర్శ గృహానికో తుపాకి

సొంత ఇంట్లో దూరిన దొంగను కాల్చి చంపే హక్కు ఇకమీదట ప్రతి పౌరుడికీ ఉంటుందని హోం మంత్రిగారు ప్రకటించిన రోజున సభలో చప్పట్లు ఎంతకీ ఆగలేదు. వాటిని ఆపడానికి ఆయన మళ్ళీ లేచి అదే మాట చెప్పవలసి వచ్చింది.

"ప్రాణానిదేముంది, ఎప్పటికైనా పోయేదే. ఆస్తి పోతే మళ్ళీ వస్తుందా?" అని ఆయన అడిగారు. ఈ ప్రశ్నకు ఎవరికీ జవాబు తోచలేదు. అందుచేత చట్టం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

మంత్రిగారు ముందుచూపున్నవారు. ఒట్టి హక్కు ఇచ్చి ఊరుకుంటే జనం ఊరుకోరని ఆయనకు తెలుసు. పక్కింటివాడి మీద కోపంతో ఒకడు, తోడల్లుడి మీద కసితో ఇంకొకడు తుపాకి పేల్చి "దొంగనుకున్నానండీ" అంటే? అందుకని తన చేత్తో ఒక వాక్యం చేర్చారు. ఆస్తి ఎవరిదో వాళ్ళే కాల్చాలి. ఇతరుల సొత్తు కోసం కాలిస్తే అది హత్య. మంత్రిగారి మేధస్సంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉందని పత్రికలు రాశాయి. పత్రికలు నిజం రాయడం అరుదు కాబట్టి ఈ సంగతి చెప్పుకోవాలి.

చట్టం వచ్చాక పథకం రాకుండా ఉంటుందా? దాని పేరు 'ఆదర్శ గృహం'. తొలి ఆదర్శ గృహంగా నీటి పన్ను కార్యాలయంలోని ఒక గుమాస్తా ఇంటిని ఎంపిక చేశారు. ఆ ఇల్లు వెడల్పాటి వీధిలో ఉంది. మంత్రిగారి కారు గుమ్మం దాకా వస్తుంది. పైగా గుమాస్తా కాదనలేడు. హెడ్ గుమాస్తా పదవికి అతని పేరు జిల్లా అధికారి బల్లమీద నానుతోంది. బల్లిని తరమాలన్నా ముందు దానికి చెప్పి తరిమే మనిషి అతను. ఆ సంగతి ఎంపిక సంఘం దృష్టికి రాలేదు.

జిల్లా అధికారి స్వయంగా వచ్చారు. వెంట వచ్చిన జవాను తుపాకిని తెచ్చి సోఫాలో పడుకోబెట్టాడు.

"అక్కడ పెట్టకు నాయనా, ఎవరైనా వస్తే కూర్చునే చోటు," అంది గుమాస్తా భార్య.

"మంత్రిగారి సమక్షంలో ఒక దొంగ వస్తాడు," అన్నారు జిల్లా అధికారి. "మీ ఇంట్లో విలువైన వస్తువు ఎత్తుకుని బయల్దేరతాడు. నువ్వు కాలుస్తావు. ఫొటోలు తీస్తారు. అంతే. ఇంతకీ మీ ఇంట్లో ఏముంది?"

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో ఏముందని ఇదివరకు వాళ్ళని ఎవరూ అడగలేదు.

"టీవీ ఉందండీ," అన్నాడు గుమాస్తా.

"పని చేస్తుందా?"

"నెత్తిన ఒకటి వేస్తే చేస్తుందండీ."

"దాన్ని ఎత్తుకెళ్తే దొంగకి ఎదురు నేనే ఏదో ఒకటి ఇచ్చుకుంటాను," అంది భార్య. "కుట్టుమిషను ఉంది. కానీ కుట్టుమిషను కోసం మనిషిని చంపుతామా? కావలిస్తే అడిగి తీసుకెళ్ళమనండి."

అధికారి అల్మైరా తెరిపించారు. బట్టలు, దుప్పట్లు, పాత గొడుగు. పై అరలో ఒక జత చిన్న బూట్లు ఉంటే చేత్తో పక్కకు జరిపారు. గుమాస్తా భార్య వచ్చి వాటిని మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టింది.

"ఎవరివవి?"

"మా పాపవండీ."

"పాప బడికెళ్ళిందా?"

గుమాస్తా కిటికీ వైపు చూశాడు. భార్య అల్మైరా తలుపు నెమ్మదిగా వేసింది.

"ఏమైనా వాటికి విలువ కట్టలేం," అన్నారు అధికారి. తానన్న మాట నిజమని ఆయనకు తెలియదు. "నీ ఇంట్లో కాల్చదగ్గ వస్తువు ఒక్కటీ లేదయ్యా. ఇన్నేళ్ళ సర్వీసులో ఏం చేశావు?"

మర్నాడు మంత్రిగారి పీఏ తువ్వాలులో చుట్టిన మూటతో వచ్చాడు. విప్పితే, పసిపిల్లంత బంగారు గుర్రం. కళ్ళకు కెంపులు.

"ఎక్కడిదండీ ఇది?" అన్నాడు గుమాస్తా.

"ఎక్కడిదీ కాదు. ఎవరూ తేలేదు. నేనూ రాలేదు. కార్యక్రమం కాగానే తీసుకెళ్తాను," అన్నాడు రాని పీఏ, టీ తాగి వెళ్ళాడు.

ఇక దొంగ కావాలి. చట్టానికి జడిసి అసలు దొంగలు పొరుగు జిల్లాకు బదిలీ అయిపోయారు. పోలీసులు కష్టపడి ఒక విశ్రాంత దొంగను పట్టుకొచ్చారు. ఒకప్పుడు అతన్ని 'పిల్లి' అనేవారు. ఇప్పుడు మోకాళ్ళు అరిగి, బజారు మలుపులో గొడుగులు బాగుచేసుకుంటున్నాడు. ఈ ఒక్క పని చేస్తే కొట్టు ఉంటుందన్నారు, చెయ్యకపోతే ఉండదన్నారు.

ఉత్తుత్తి తూటాలు రాలేదనీ, ఉన్నవన్నీ అసలువేననీ జవాను గుమాస్తా చెవిలో చెప్పిపోయాడు. గుమాస్తా కాళ్ళీడ్చుకుంటూ జిల్లా అధికారి దగ్గరికి వెళ్ళాడు.

"అయితే ఏం? పైకి గురిపెట్టి కాల్చు," అన్నారాయన.

"నేను గురిపెట్టినచోట తగలదు సార్. పైకి పెడితే ఎక్కడికి పోతుందో."

"హెడ్ గుమాస్తా కావాల్సినవాడివి. ఇలా మాట్లాడితే ఎలా?"

అక్కణ్ణించి గొడుగుల కొట్టుకు వెళ్ళాడు. "పెద్దాయనా, అసలు తూటాలట. నువ్వు రావద్దు," అన్నాడు.

ముసలాయన ఒక గొడుగు ఊచ సరిచేస్తూ, "తెలుసు బాబూ. రాకపోతే ఈ కొట్టు పీకేస్తారు. వస్తే నువ్వు పీకుతావు ప్రాణం. నీ గురి ఎలాంటిది?" అన్నాడు.

"చిన్నప్పుడు రాయి విసిరితే ఒక్క కాయ రాలలేదు."

"హమ్మయ్య. అయితే నన్నే గురిచూసి కాల్చు."

ఆ అభయంతో గుమాస్తాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

అనుకున్న రోజు పొద్దున్నే మంత్రిగారు వేంచేశారు. ముందు గదిలో సోఫాలో ఆసీనులయ్యారు. విలేఖరులు గోడలకు అతుక్కున్నారు. గుర్రం బల్లమీద మెరుస్తోంది. దొంగ కిటికీ గుండా రావాలి, కానీ మోకాళ్ళు సహకరించలేదు. ఒక కానిస్టేబులు కింద స్టూలు వేశాడు, ఇంకొకడు లోపలినుంచి చెయ్యందించాడు. పోలీసుల సహకారాన్ని మంత్రిగారు మెచ్చుకున్నారు.

దొంగ లోపలికి వచ్చి అందరికీ నమస్కారం పెట్టాడు. గుర్రాన్ని ఎత్తబోతే కదల్లేదు. పీఏ ఓ చెయ్యి వేశాడు. గుర్రాన్ని చంకనెత్తుకుని ముసలాయన గుమ్మం దాకా నడిచి, చెప్పిన ప్రకారం ఆగాడు.

"ఊఁ, కాల్చవయ్యా!" అన్నారు జిల్లా అధికారి.

గుమాస్తా తుపాకి ఎత్తాడు. గొట్టం అటూ ఇటూ తిరిగింది. ఎడమవైపు విలేఖరులు కుడివైపుకు, కుడివైపు విలేఖరులు సోఫా వెనక్కు మారారు. దొంగ ఒక్కడే కదలకుండా నిలబడ్డాడు.

"కానివ్వు బాబూ, ఇది బరువుగా ఉంది," అన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి గుమాస్తా భార్య అడిగింది. "ఏవండీ, ఆ గుర్రం మనదా?"

గుమాస్తా తుపాకి దించాడు. చెమట తుడుచుకున్నాడు.

"మనది కాదే," అన్నాడు. అతని గొంతులోకి ప్రాణం వచ్చింది. మంత్రిగారి వైపు తిరిగి, "అయ్యా, తమరు చేర్చిన వాక్యమేనండీ. ఆస్తి ఎవరిదో వాళ్ళే కాల్చాలి. ఇది నాది కాదు. నేను కాలిస్తే హత్య అవుతుంది. ఎవరిదో వాళ్ళు ముందుకొస్తే తుపాకి వారికిచ్చేస్తాను," అని రెండు చేతుల మీదా పళ్ళెంలా పట్టుకున్నాడు.

"మరి ఎవరిది?" అంది వెనకనుంచి ఒక విలేఖరి అమ్మాయి.

గుమాస్తా తుపాకిని జిల్లా అధికారి ముందుకు తీసుకెళ్ళాడు.

"నాది కాదు! నా జీతమెంతో అందరికీ తెలుసు!" అని ఆయన వెనక్కి తగ్గారు.

పీఏ ముందుకు తీసుకెళ్ళాడు.

"నేను జన్మలో గుర్రాన్ని చూడలేదు," అన్నాడు పీఏ.

తుపాకి మంత్రిగారి ముందుకు వచ్చి ఆగింది. కెమెరాలన్నీ అటే తిరిగాయి. మంత్రిగారు గుర్రం వైపు చాలాసేపు చూశారు. బిడ్డను అత్తారింటికి సాగనంపే తండ్రి చూపులా ఉందని చూసినవాళ్ళు అన్నారు. ఆ తరవాత లేచారు.

"మిత్రులారా! ఈ గుర్రం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తెలుసు. దొంగతనం మానేసి చెమటోడ్చి బతుకుతున్న ఈ పెద్దాయనకు ఇది ప్రజల కానుక!"

చప్పట్లు మోగాయి. పీఏ అందరికంటే ఆలస్యంగా కొట్టాడు.

"అంటే, ఇది నాదేనాండీ?" అన్నాడు ముసలాయన.

"నీదే! నీదే!"

"తరవాత మాట మారదు కదండీ?"

"రేపు మొదటి పేజీలో వేస్తాం తాతా," అంది విలేఖరి అమ్మాయి.

ఒక్క ప్రాణం కూడా పోకుండా ఆస్తి హక్కును కాపాడిన మంత్రిగారి విజ్ఞత గురించి మర్నాడు పత్రికలన్నీ రాశాయి. హెడ్ గుమాస్తా సంగతి ముందు ముందు చూద్దామని జిల్లా అధికారి చెప్పారు. "పోనిద్దురూ, రాత్రి మీరు నిద్రపోయారు," అంది గుమాస్తా భార్య.

అయితే పథకంలో ఇంకా ఒక్క తుపాకే ఉంది. కాల్చదగ్గ ఆస్తి ఉన్న ఇంటికే అది చెందాలని నియమం. జిల్లా మొత్తం వెతికినా, ఇది ఫలానావారి సొత్తని మంత్రిగారు స్వయంగా నలుగురి ముందూ ఒప్పుకున్న బంగారం ఒక్క చోటే తేలింది. తుపాకిని అక్కడ అప్పగించే పని గుమాస్తాకే పడింది. పెళ్ళికి వెళ్తున్నవాడిలా తల దువ్వుకుని మోసుకెళ్ళాడు.

కొట్టు మీద 'ఆదర్శ గృహం' బోర్డు అప్పుడే తగిలించేశారు. లోపల బల్లమీద, విరిగిన గొడుగుల మధ్య గుర్రం నిలబడి ఉంది.

"అమ్ముకోకపోయావా పెద్దాయనా?"

"బంగారం కొట్టుకి తీసుకెళ్ళాను బాబూ. ఎవరిచ్చారన్నారు. మంత్రిగారన్నాను. షట్టరు దించేశారు."

ముసలాయన తుపాకి తీసుకుని, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, దాన్ని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు. అప్పుడు చూశాడు గుమాస్తా. వీధికి అవతల, మిట్టమధ్యాహ్నపు ఎండలో, మబ్బు తునక లేని ఆకాశం కింద, పీఏ చంకలో ఒక గొడుగు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు కొత్తది.

"పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడు," అన్నాడు ముసలాయన. గొంతెత్తి, "లోపలికి రండి బాబూ! ఎండలో ఎందుకు?" అని పిలిచాడు.

పీఏ తుపాకి వైపు చూశాడు. గుర్రం వైపు చూశాడు.

"పర్లేదండీ," అన్నాడు. "ఇక్కడే బాగుంది."