స్నేహితుడి ఫ్లాట్‌లో పేద తండ్రి

వైరాగ్యం కోసం హిమాలయాలకు వెళ్లే మగవాళ్లను చూస్తే జాలేస్తుంది. అంత దూరం ఎందుకండీ? పెళ్లాంతో విడిపోయి, బిడ్డ ఖర్చులకు భరణం కోరుతూ ఆవిడ చేత ఒక కేసు వేయించుకుంటే చాలదూ? నోటీసు అందిన వారం తిరక్కుండా ఇల్లు, కారు, బ్యాంకు నిల్వ, అన్నీ వాటంతట అవే రాలిపోతాయి. ఫ్యామిలీ కోర్టు మనిషిని ఋషిని చేస్తుంది. నమ్మనివాళ్లు వరప్రసాద్ సంగతి వినండి.

వరప్రసాద్ సినిమా డైరెక్టరు. తీసినవి మూడు, ఆడినవి రెండు. జూబ్లీహిల్స్‌లో మూడు పడగ్గదుల ఫ్లాట్, సెల్లార్లో తెల్లటి పెద్ద కారు, ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసు. భార్య సాయిసుధ డబ్బింగ్ ఆర్టిస్టు. పొసగక విడిపోయాక ఆమె కూతురు నిహారికను తీసుకుని మధురానగర్‌లో రెండు గదుల పోర్షన్‌కు మారింది. పాప ఖర్చులకు నెలకు పాతికవేలు ఇప్పించమని కోర్టుకెళ్లింది. అది నాలుగేళ్ల కిందటి మాట.

అప్పుడు పట్టుకుంది అతనికి దరిద్రం. ప్రమాణం చేసి ఇచ్చిన అఫిడవిట్‌లో ఫ్లాట్ స్నేహితుడిదన్నాడు. కారూ స్నేహితుడిదే, అప్పుడప్పుడూ నడుపుకోమని ఇస్తాడట. సినిమాలు లేవు, సంపాదన లేదు, పూట గడవడమే కష్టం. ఆ సంతకం పెట్టిన సాయంత్రమే బంజారాహిల్స్‌లో ఒక హోటల్లో రెండొందల మందికి విందు ఇచ్చాడంటే మనం చెడుగా అనుకోకూడదు. ఉపవాసం ఉన్నవాడు ఫలహారం చేయడా?

సాయిసుధకు ఇంత జ్ఞానం లేదు. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చింది. సీరియళ్లకు గొంతు ఇస్తే నెలకు పద్దెనిమిది వేలు, అదీ పని దొరికిన నెలలో. వాయిదా ఉన్నప్పుడల్లా ఆ రోజు పని పోయేది. కిరాయి కోసం వచ్చిన ఇంటావిడ అనసూయమ్మ ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"గా కోర్టుకు పోవుడెందుకు బిడ్డా? పోయిన దినమల్లా నీ కూలి పోతుంది. ఆయనకేం పోతుంది?"

"నా డబ్బయితే ఎప్పుడో వదిలేసేదాన్నండీ. పాపది. నేనెలా వదులుతాను?" అంది సాయిసుధ.

ఈ మార్చిలో స్కూలు నుంచి కాగితం వచ్చింది. బకాయి కట్టకపోతే వచ్చే ఏడాదికి పాపకు సీటు ఉంచలేమన్నారు. అదే వారం వీరరాఘవయ్య ఫోన్ చేశాడు. డబ్బింగ్ పనులు చూసే పెద్దమనిషి, ఆమెకు మొదటి అవకాశం ఇప్పించినవాడు.

"అమ్మా, ఒక్కరోజు పని. ఇరవై వేలిస్తారు. సినిమా మాత్రం వరప్రసాద్ గారిది. నీ గొంతే కావాలంటున్నారు."

సినిమాలు లేవన్నవాడికి సినిమా ఎక్కణ్ణుంచి వచ్చిందని సాయిసుధ అడగలేదు.

"ఏ పాత్రండీ?"

"హీరో భార్య. విడిపోయి, భరణం కోసం అతన్ని పీడిస్తూ ఉంటుంది. వద్దంటే ఇంకెవరినైనా చూస్తానమ్మా."

ఆమె స్కూలు కాగితం మరోసారి చూసుకుంది. "వస్తానండీ" అంది.

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్. ఆమె మైకు ముందు, అద్దం అవతల వరప్రసాద్. తెర మీద ఒంటినిండా నగలు దిగేసుకున్న నటి పెదవులు కదుపుతోంది. "నెలకు లక్ష పడెయ్. లేదంటే నీ కూతురి మొహం మర్చిపో." సాయిసుధ ఆ మాట చెప్పింది. అతనికి నచ్చలేదు. మళ్లీ చెప్పింది.

"అత్యాశ వినిపించాలండీ" అన్నాడు, ఎవరో కొత్త ఆర్టిస్టుతో మాట్లాడినట్టు. "గొంతులో డబ్బు పిచ్చి తెలియాలి."

తొమ్మిదో టేకు దగ్గర ఆమె హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

"డైరెక్టర్ గారూ, చిన్న సందేహం. నెలకు ఎంత అడిగితే అత్యాశ అవుతుందండీ?"

సౌండ్ ఇంజనీరు తల వంచుకుని మీటలు తుడవడం మొదలెట్టాడు.

"స్క్రిప్టులో ఉన్నది చెప్పండి" అన్నాడు వరప్రసాద్.

చెప్పింది. పద్నాలుగో టేకు ఓకే అయ్యేసరికి గొంతు బొంగురుపోయింది. మేనేజర్ భోజనానికి వెళ్లాడని వరప్రసాదే వోచరు మీద సంతకం చేసి, స్టాంపు కొట్టి డబ్బిప్పించాడు. ఆమె రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టింది. మర్నాడు ఫీజు కట్టేసింది.

ఎంత మంచివాడో చూశారా? భరణం ఇవ్వలేనివాడు పని ఇచ్చాడు. ఆ మంచితనం లోతు తర్వాతి వాయిదాలో తెలిసింది. అతని లాయరు జగదీశ్ ఆ వోచరునే జడ్జి గారి ముందు పెట్టాడు.

"రోజుకు ఇరవై వేలు సంపాదించే ఆవిడ, మేడమ్. నెలకు ఆరు లక్షలు. న్యాయంగా ఆవిడే మా క్లయింటును పోషించాలి."

తన గొంతే ఎందుకు కావాల్సొచ్చిందో సాయిసుధకు అప్పుడర్థమైంది.

జడ్జి గారు ఆ కాగితాన్ని చివరిదాకా చదివారు. "డబ్బు ఇవ్వమని సంతకం పెట్టిందెవరు? కింద మేనేజింగ్ పార్ట్‌నర్ అని స్టాంపు ఉంది."

జగదీశ్ క్లయింటు వైపు చూశాడు. వరప్రసాద్ లేచి నిలబడ్డాడు. "స్నేహితుడి కంపెనీ మేడమ్. ఏదో సాయంగా..."

"ఫ్లాట్ స్నేహితుడిది, కారు స్నేహితుడిది, ఇప్పుడు కంపెనీ స్నేహితుడిది. ఒకసారి ఆయన్ని తీసుకురండి. నాకూ చూడాలని ఉంది."

కేసు తేలేదాకా పాపకు నెలకు ఇరవై వేలు ఇవ్వాలని ఆర్డరు వేశారు. హైకోర్టుకు వెళ్తామన్నాడు జగదీశ్. అక్కడ పెద్ద లాయరు ఒక్కసారి లేచి నిలబడితే లక్షన్నర. పూట గడవనివాడు అంత ఎక్కడ తెస్తాడని మీరు బెంగపడకండి. స్నేహితుడున్నాడు.

వరండాలో వరప్రసాద్ ఆమెకు ఎదురొచ్చాడు. నాలుగేళ్లలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నువ్వే న్యాయంగా ఆలోచించు సుధా. ఎల్‌కేజీ పిల్లకు నెలకు ఇరవై వేలెందుకు?"

సాయిసుధ అతని ముఖంలోకి చూసింది. వెటకారం కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"నిహారిక మూడో తరగతి" అంది.

అతను నమ్మలేదు. జగదీశ్ వైపు తిరిగాడు. జగదీశ్ ఫైలు విప్పి, నాలుగేళ్ల కిందటి పిటిషన్‌లో పేజీ వెతికి, వేలు పెట్టి చూపించాడు. అందులో ఎల్‌కేజీ అనే ఉంది.