అపరిచితుల కౌంటర్

గోదావరి డెల్టాలో ఏ ఊరివాడూ తన ఊళ్ళో హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోడు. ఇది చట్టం కాదు కాబట్టి అందరూ తూచా తప్పకుండా పాటిస్తారు. రావులపాలెం వాళ్ళు సామర్లకోట వైపు వెళ్తారు. సామర్లకోట వాళ్ళు మొగల్తూరు వైపు వెళ్తారు. మొగల్తూరు వాళ్ళు రావులపాలెంలో బస్సు దిగి ముఖానికి తువ్వాలు చుట్టుకుంటారు. (ఒకే బస్టాండులో ముగ్గురూ ఎదురుపడితే ముగ్గురూ సెల్‌ఫోన్లు చూసుకుంటారు.)

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు గణేష్‌బాబు వాడిన కండోమ్ చిరిగింది. అతను రావులపాలెంలో ఒక అరటి గెలల వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆమె పేరు ఉషారాణి, సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తుంది. ఇద్దరికీ రెండు నెలల పరిచయం. ఇష్టమైన హీరో ఎవరో, ఇష్టమైన బిర్యానీ ఏదో అన్నీ అడిగి తెలుసుకున్నారు. ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా అని మాత్రం ఇద్దరూ అడగలేదు. (మర్యాదస్తులు.)

ఫోన్‌లో వెతికితే సంగతి తేలింది. హెచ్‌ఐవీ సోకకుండా డెబ్బై రెండు గంటల్లోపు మందు మొదలుపెట్టాలి, ఎంత ముందయితే అంత మంచిది, ఇరవై ఎనిమిది రోజులు మానకుండా వాడాలి. అంటే గడువు మంగళవారం సాయంత్రం నాలుగు.

ఆదివారమంతా గణేష్‌బాబు వైద్యం గురించి కాక బంధుత్వాల గురించి ఆలోచించాడు. ఊళ్ళో ఆసుపత్రిలో మందులిచ్చేది మేనత్త తోడికోడలు. రాజమండ్రి ల్యాబ్‌లో ఇంటర్ క్లాస్‌మేట్. అమలాపురంలో అక్క అత్తగారు వారం వారం షుగరు చూపించుకుంటుంది. చివరికి చుట్టరికం సోకని చోటు ఒక్కటే దొరికింది. సామర్లకోట దాటాక ఒక పెద్దాసుపత్రి. సోమవారం మధ్యాహ్నం అక్కడ దిగేసరికి నలభై ఐదు గంటలు గడిచిపోయాయి.

అక్కడ రెండు కౌంటర్లున్నాయి. మామూలు కౌంటర్లో సిస్టర్ సువార్తమ్మ ఒక్కరే కూర్చున్నారు, ఎదుట ఎవరూ లేరు. రెండోది 'అపరిచితుల కౌంటర్'. గోప్యత కోరేవారి కోసం ప్రత్యేకంగా పెట్టారు. దాని వరుస సైకిల్ స్టాండు దాకా ఉంది. గణేష్‌బాబు ఇంకేమీ ఆలోచించకుండా పొడుగు వరుసలో నిలబడ్డాడు.

గోప్యతాధికారి చంద్రరావు గారు మనిషిని కన్నెత్తి చూడరు. (నిబంధన నాలుగు: చూస్తే గుర్తుండిపోవచ్చు.)

"మీరిక్కడ ఎవరికీ తెలియదాండి?"

"తెలియదండి."

"మాటగా చెబితే చాలదండి, ధ్రువపత్రం కావాలి. 'ఇతను ఇక్కడ ఎవరికీ తెలియనివాడు' అని, మిమ్మల్ని బాగా ఎరిగినవాళ్ళిద్దరు నా ఎదుట సంతకం పెట్టాలి."

"నన్నెరిగినవాళ్ళు ఇక్కడ ఉండరనే వచ్చానండీ!"

"ఆ ముక్కే వాళ్ళ చేత రాయించమంటున్నానండి."

"మందుకి టైమైపోతోందండి. డెబ్బై రెండు గంటలే..."

"గంటలు మా సెక్షన్ కాదండి."

సాయంత్రం ఉషారాణి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్?"

"సామర్లకోట దాటాక."

"అంత దూరం దేనికి? నేను పొద్దున్నే మనూరి ఆసుపత్రికే వెళ్ళాను. రక్తం తీశారు, రిపోర్టు రేపంట. నీ సంగతి తెలీదు కాబట్టి మాత్రలు మొదలెట్టమన్నారు. ఒకటి మింగేశాను."

"మా మేనత్త తోడికోడలు చూసిందా?"

"చూడ్డమేంటి, ఇచ్చిందే ఆవిడ."

"ఏమంది?"

"రోజూ ఒకే టైముకి వేసుకోమంది. ఆ అబ్బాయిని కూడా తొందరగా రమ్మనమంది."

"అబ్బాయి ఎవరని అడిగిందా?"

"లేదు. ఆవిడకి పనుంది."

మంగళవారం మధ్యాహ్నం అతను మళ్ళీ వరుసలో నిలబడ్డాడు. ముందున్న మనిషి మెడ ఎక్కడో చూసినట్టనిపించింది. పదేళ్ళుగా తనకు జీతమిస్తున్న మెడ అది. రావులపాలెం అరటి వ్యాపారి వెంకటరాజు గారు.

"నమస్కారమండి రాజుగారూ."

"ఆయ్, ఎవరండీ మీరు?"

"నేనండి, గణేష్‌ని..."

"నేను బీపీ చూపించుకోడానికి వచ్చానండి" అన్నారాయన, అడగకుండానే.

"నేనూ బీపీయేనండి."

అతను కాక వరుసలో పదకొండు మంది ఉన్నారు. అందరివీ బీపీలే. (ఆ ఆసుపత్రిలో బీపీ చూసేది వేరే భవనంలో.)

మూడూ ఇరవై అయింది. గణేష్‌బాబు గొంతు పెంచాడు.

"రాజుగారూ, శనివారం నాకు కండోమ్ చిరిగిందండి. నలభై నిమిషాల్లో మందు పడాలి. మీకు నేను తెలుసు, నాకు మీరు తెలుసు. మీరు నాకు సంతకం పెట్టండి, నేను మీకు పెడతాను."

పదకొండు బీపీలూ ఒక్కసారి పెరిగాయి.

"ఎవరో కుర్రాడండి, పొరబడ్డాడు" అన్నారు వెంకటరాజు గారు గోడతో.

వెనక నుంచి ఒకాయన తువ్వాలు తీసేశాడు. అరటి లోడు లారీ నడిపే ఏసురాజు.

"ఒరే గణేషూ, నువ్వేనా! నాదీ చిరిగిందేరా. నిన్నటి నుంచి ఈ తువ్వాల్లో ఉడికిపోతున్నాను. ఏదీ, కాగితం ఇలా తే."

ఏసురాజు సంతకం పెట్టాడు. అతని పక్కనున్న మరో రావులపాలెం ఆసామీ కూడా పెట్టాడు. చంద్రరావు గారు కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశారు.

"సంతకాలు సక్రమంగానే ఉన్నాయండి. కాకపోతే ఇప్పుడు మీరెవరో, మీకేమైందో వరుస మొత్తానికీ తెలిసిపోయింది. ఇక మీరు అపరిచితులు కారు. మామూలు కౌంటరుకి వెళ్ళండి."

మామూలు కౌంటర్లో సువార్తమ్మ గడియారం చూశారు. మూడూ నలభై ఒకటి.

"ఎప్పుడయింది బాబూ?"

"శనివారం నాలుగింటికండి."

"ఇంతసేపూ ఎక్కడున్నావు?"

"నిన్నటి నుంచీ మీ ఎదురుగానేనండి."

ఆవిడ డాక్టరు గారిని పిలిచారు. నాలుగు ప్రశ్నలు, ఒక సూది, ఒక మాత్ర, గ్లాసుడు నీళ్ళు.

"ఈ రక్తం శనివారానికి ముందు సంగతే చెబుతుంది. మళ్ళీ ఎప్పుడెప్పుడు రావాలో రాసిస్తాను. మూడు నెలల పరీక్ష మాత్రం మానకు. అప్పటిదాకా జాగ్రత్తగా ఉండండి, ఇద్దరూ. వెనక ఎవరు? మీరు కూడా బీపీయేనా?"

"కాదండి, కండోమే" అన్నాడు ఏసురాజు. అతని వెనక తొమ్మిది మంది ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

వెంకటరాజు గారు కదల్లేదు. ఆయన గడువు ఐదింటికి. ఎరిగినవాళ్ళంతా అవతలి వరుసలోకి పోవడంతో, ఆయన ఇక్కడ నిజంగానే ఎవరికీ తెలియనివారని చంద్రరావు గారు స్వయంగా ఒప్పుకున్నారు. ఆ మాట మీద సంతకం పెట్టడానికి ఇద్దరు లేకపోయారు, అంతే. ఐదింటికి కౌంటర్ మూశారు.

మూడు నెలల తర్వాత గణేష్‌బాబుకీ, ఉషారాణికీ ఏమీ లేదని రిపోర్టులు వచ్చాయి. ఆ సంగతి రావులపాలెంలో సగం ఊరికి తెలుసు. వెంకటరాజు గారి సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఆయనకీ తెలియదు.